చాందా కోటగోడకు సిమెంటు అతుకులు వద్దు

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఎండాకాలం ముగిసి తొలకరి పడేలోపు, ఒకప్పుడు చాందా అని పిలిచిన చంద్రపూర్ పాత ఊళ్లో కోటగోడను ఆనుకొని కాపురాలు ఉంటున్నవారు ఇంటి మరమ్మతులు చేయించుకుంటారు. పెంకులు తిరగవేయించే పనితోపాటే, వెనుకవైపు ఉన్న కోటగోడలో ఎక్కడైనా రాయి కదిలినా, సందు నోరు తెరిచినా, ఆ మిగిలిన సిమెంటుతో ఆ సందును కూడా పూడ్పించి వేస్తారు. గోడ పడిపోకూడదనే మంచి ఉద్దేశంతోనే వారు ఆ పని చేయిస్తారు గానీ, ఆ సిమెంటే గోడను లోపలినుంచి తినివేస్తున్నది. చంద్రపూర్, బల్లార్షా, రాజురా ప్రాంతాల్లో తాపీ పట్టి పనిచేసే మేస్త్రీలలో తెలుగువారు చాలామంది ఉన్నారు, వారి ఇళ్లకు వచ్చేది తెలుగు పత్రిక. అందుచేత ఈ మాట మరాఠీలో కాక తెలుగులోనే, మీ పత్రిక ద్వారానే చెప్పవలసి ఉందని భావించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను బల్లార్షాలో తెలుగు మాధ్యమం పిల్లలకు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుణ్ణి. మా నాన్నగారు కరీంనగర్ ప్రాంతం నుంచి బొగ్గు గనుల్లో పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చిన రాతి మేస్త్రి. మేము ఆయనను బాపు అని పిలిచేవాళ్లం. గనిలోకి దిగకుండా పైన క్వార్టర్ల గోడలు, కల్వర్టులు కట్టే పనిలోనే ఆయన జీవితమంతా గడిచింది. కోటల చరిత్రను నేను పుస్తకాల్లో చదువుకున్నదానికన్నా, ఆదివారాల్లో ఆయన వెంట ఆ గోడ పక్కన నడుస్తూ తెలుసుకున్నదే నా మనసులో గట్టిగా నిలిచింది.

కాజీపేట నుంచి నాగపూర్ వైపు, ఢిల్లీ వైపు రైల్లో వెళ్లే తెలుగువారికి బల్లార్షా అంటే బండి చాలాసేపు ఆగే స్టేషను, వేడి వడలు అమ్మే ప్లాట్‌ఫారం. ఆ పేరులో ఒక రాజు ఉన్నాడన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. గోండు రాజులు మొదట ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని సిర్పూరు నుంచి పాలించేవారనీ, 15వ శతాబ్దంలో ఖాండ్క్యా బల్లాళ్ షా అనే రాజు వార్ధా నదికి ఆవలి ఒడ్డున కొత్త కోట కట్టించి అక్కడికి తరలివచ్చాడనీ స్థానిక పరంపర చెబుతుంది. ఆ కోట పేరే బల్లార్‌పూర్, మన నోట బల్లార్షా. వార్ధా గట్టుమీద ఆ కోట శిథిలాలు, ద్వారాలు నేటికీ ఉన్నాయి. గోండు రాజ్యం 1751లో నాగపూర్ భోంస్లేల చేతుల్లోకి పోయినప్పుడు, చివరి రాజు నీలకంఠ షాను బంధించి ఉంచింది కూడా ఆ కోటలోనే. ఆ వంశం పుట్టింది మన సిర్పూరులో, ముగిసింది మన బల్లార్షాలో. ఈ రెండు స్టేషన్ల మధ్య ప్రయాణం ఇవాళ ప్యాసింజరు బండిలో గంటల లెక్క.

చాందా కోట పుట్టుక గురించిన కథ ఇక్కడి ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. 19వ శతాబ్దంలో ఇక్కడ భూమిశిస్తు సెటిల్మెంటు జరిపిన లూసీ స్మిత్ అనే ఆంగ్లేయ అధికారి కూడా దానిని రాసి పెట్టాడు. ఒళ్లంతా పుండ్లతో బాధపడుతున్న ఖాండ్క్యా రాజు వేటకు వెళ్లి, దాహంతో ఎండిపోయిన ఝర్‌పట్ వాగులో దిగగా, రాతిలో ఒక చిన్న గుంటలో నీళ్లు కనిపించాయి. అవి తాగి, ముఖం కాళ్లు చేతులు కడుక్కొని ఇంటికి పోయిన రాజుకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టిందనీ, తెల్లవారేసరికి మచ్చలు పోయాయనీ, ఆ చోటనే అచలేశ్వరుని గుడి వెలసిందనీ చెబుతారు. మరొకనాడు అదే అడవిలో నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు ఒకటి రాజుగారి వేటకుక్కను తరిమింది. ఆ వింత చూసిన రాజు ఇంటికి వచ్చి రాణికి చెప్పగా, ఆ పరుగు సాగిన దారి వెంటనే గోడ కట్టించి ఊరు వెలయించమని ఆమె సలహా ఇచ్చింది. కుందేలు తిరగబడ్డ చోట్ల బురుజులు లేచాయి.

కుక్కను కుందేలు తరిమిన కథ మనకు కొత్త కాదు. దక్షిణాదిన ఎన్నో ఊళ్లకు, విజయనగరంతో సహా, ఈ కథ చెబుతారు. నాకు మాత్రం ఈ కథలో నచ్చేది వేరు. గోడ ఎందుకు తిన్నగా లేదు, ఎందుకు అన్ని వంకరలు తిరిగింది అని అడిగే పిల్లవాడికి పెద్దలు చెప్పుకున్న సమాధానం అది. అసలు కారణం నేలమీద కంటికి కనబడుతూనే ఉంటుంది. పడమట ఇరాయి నది, తూర్పున ఝర్‌పట్ వాగు, ఊరికి దక్షిణాన అవి రెండూ కలుస్తాయి. ఆ రెండు ప్రవాహాల నడుమ ఉన్న మెరకనంతా చుట్టి వచ్చేలా గోడ గీసినవారు నీటిని కందకంగా వాడుకున్నారు. కొండమీద కట్టిన కోటకు ఎత్తే కాపలా కాస్తుంది. చాందాకు కొండ లేదు. అందుకే అది కోట కన్నా ముందు ఒక ప్రాకారపట్టణం, రాజు ఒక్కడినే కాక ఊరునంతా లోపల పెట్టుకొని కాపాడిన గోడ. పాత గెజిటీర్ల లెక్కలో దాని చుట్టుకొలత 5½ మైళ్లు. ఖాండ్క్యా కాలంలో మొదలైన పని ఆయన తరువాతి రాజుల హయాంలో తరాల తరబడి సాగి పూర్తయిందని అంటారు. అంత రాయి ఒక్క మనిషి జీవితకాలంలో పేర్చగలిగేది కాదని ఆ గోడ పక్కన ఒక గంట నడిచిన ఎవరికైనా తెలుస్తుంది.

నాలుగు దిక్కులకు నాలుగు పెద్ద ద్వారాలు ఉన్నాయి. ఉత్తరాన జట్‌పురా, తూర్పున అచలేశ్వర, దక్షిణాన పఠాన్‌పురా, పడమట బింబా. ఇవి కాక చోర్ ఖిడ్కీ, విఠోబా ఖిడ్కీ, హనుమాన్ ఖిడ్కీ, మసాణ్ ఖిడ్కీ, బగడ్ ఖిడ్కీ అని అయిదు చిన్న ద్వారాలు. తెలుగు పిల్లలు ఖిడ్కీ అనగానే కిటికీ అనుకొని, గోడలో కిటికీ కోసం వెతుకుతారు. అవి కిటికీలు కావు, మన కోటల్లో దిడ్డి అని పిలిచేవే. పెద్ద దర్వాజా మూసిన తరువాత కూడా మనుషులు నడిచి పోయేందుకు వీలుగా పెట్టిన ఇరుకు దారులు. ఊరిలో శవం లేచినప్పుడు శ్మశానానికి తీసుకుపోయే దారి కాబట్టి ఒకదానికి మసాణ్ ఖిడ్కీ అని పేరు. రాజులు పోయి, యుద్ధాలు పోయి, దారి అవసరం మాత్రం మిగిలిన చోట పేరు కూడా మిగిలింది.

ద్వారాలకు రెండు వైపులా రాతిలో చెక్కిన గోండు రాజచిహ్నం ఉంటుంది. ఏనుగు మీద సింహం లంఘించిన రూపం అది. ఘనపురం కోటగుళ్లలో గజకేసరి శిల్పాలు చూసిన తెలుగువారికి జట్‌పురా ద్వారం దగ్గర అడుగు ఆగుతుంది. ఇంతమాత్రాన దీనిని కాకతీయుల నుంచి తెచ్చుకున్నారని నేను చెప్పబోవడం లేదు. గోదావరికి అటూ ఇటూ ఉన్న శిల్పులకు ఒకే రూపం ఇష్టంగా ఉండడంలో వింత లేదు. కాకతీయుల గజకేసరి నగిషీలతో, మెలికలతో, అలంకారంగా ఉంటే, చాందా సింహం బరువుగా, మొరటుగా, అడవిలో చూసి వచ్చి చెక్కినట్లుగా ఉంటుంది. తాడోబా అడవి ఇక్కడికి దగ్గరే కదా.

ఓరుగల్లు కోటతో ఇంకొక పోలిక చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. ఓరుగల్లు లోపలి కోటగోడ నల్లరాయి. ఒక్కొక్కటి మనిషి ఎత్తలేని దిమ్మెలు, నడుమ సున్నం లేకుండా, రాయి బరువు మీదే రాయి నిలిచింది. చాందా గోడ ఇసుకరాయి. బొగ్గు పొరల మీద పరుచుకొని ఉండే రాయి జాతి అది. గోండుల పేరుమీదే ఆ రాతి పొరలకు భూగర్భశాస్త్రంలో గోండ్వానా అనే పేరు వచ్చింది. నల్లరాయి నీళ్లు తాగదు. ఇసుకరాయి తాగుతుంది. నల్లరాయిని చెక్కాలంటే ఉలి అరిగిపోతుంది, ఇసుకరాయి ఉలికి లొంగుతుంది గానీ కాలానికి కూడా లొంగుతుంది. కాబట్టి చాందా గోడ కట్టినవారు బయటి ముఖానికీ లోపలి ముఖానికీ చెక్కుడు రాయి పేర్చి, నడుమ బొంతరాళ్లు, సున్నం కలిపి నింపారు. గోడ కూలిన ఏ చోట నిలబడి చూసినా ఈ మూడు పొరలూ కనిపిస్తాయి. దాదాపు మూడు నిలువుల ఎత్తు, పైన మనిషి నడిచే బాట, బాటకు బయటివైపు కొమ్మలు (పళ్ల వరుసలా నిలిచిన చాటుగోడలు), వాటిలో గురి చూసే రంధ్రాలు, మలుపుల్లో గుండ్రటి బురుజులు. ఇంతటి కట్టడానికీ ఊపిరి ఆ సున్నమే.

పఠాన్‌పురా వైపు మా అక్కగారి ఇల్లు కోటగోడకు నాలుగు అడుగుల దూరంలో ఉండేది. ఆ పెరట్లో నాకు పన్నెండు పదమూడేళ్ల వయసులో బాపు చూపించిన ఒక చోటు ఇప్పటికీ నాకు కళ్లముందు ఉన్నది. నడుము ఎత్తులో వరుసగా నాలుగు రాళ్లు. వాటిలో మూడింటి సందుల్లో పాత సున్నం, తెల్లగా కాక కొంచెం గోధుమ రంగులో, అక్కడక్కడ ఇటుక పొడి మెరుపుతో ఉన్నది. నాలుగో రాతి చుట్టూ అంతకుముందు ఎవరో పెట్టించిన సిమెంటు నల్లగా, గట్టిగా, నునుపుగా ఉన్నది. బాపు నా చేతిని పట్టుకొని ముందు సున్నం సందు పక్కన ఉన్న రాతిమీద తిప్పించాడు. గరుకుగా ఉన్నా గట్టిగానే ఉన్నది. తరువాత సిమెంటు పక్కన ఉన్న రాతిమీద వేలు పెట్టించాడు. ఇసుక నా వేలికి అంటుకొని వచ్చింది. గోటితో గీస్తే వేపపువ్వు రేకంత పొర ఊడి కింద పడింది. సిమెంటు చెక్కుచెదరకుండా చట్రంలా ముందుకు పొడుచుకొని ఉంటే, దాని లోపల రాయి మాత్రం గుంటపడి పోయింది. "సిమెంటు బతికింది, రాయి సచ్చింది. చూసినవా బిడ్డా?" అన్నాడు బాపు.

అప్పుడు ఆయన చెప్పింది, తరువాత నేను చదువుకొని తెలుసుకున్నది ఒక్కటే. వానాకాలంలో గోడ నీళ్లు పీలుస్తుంది. నేలలోని చెమ్మ కింది నుంచి పైకి పాకుతుంది, పై నుంచి వాన లోపలికి ఇంకుతుంది. ఎండలు రాగానే ఆ నీరు బయటికి పోవాలి. సున్నపు సందు రాతికన్నా మెత్తన, దానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. కాబట్టి నీరు సందుల గుండా ఆవిరై పోతుంది, నీటితో వచ్చిన ఉప్పు కూడా ఆ సందులోనే పేరుకొని, పాడయితే సున్నమే పాడవుతుంది. పాతికేళ్లకో యాభయ్యేళ్లకో ఆ సున్నాన్ని గీకి కొత్తది పెట్టుకోవచ్చు. సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోతుంది. నీరు వేరే దారి లేక రాతి ముఖం గుండానే బయటికి వస్తుంది, ఉప్పు రాతి లోపలే గడ్డకట్టి పెరిగి, రాతి పొరలను పొట్టులా లేపుతుంది. పైగా ఇక్కడి ఎండకు రాయి సాగి, రాత్రి చలికి ముడుచుకుంటున్నప్పుడు సున్నం దానితోపాటు కాస్త సర్దుకుంటుంది, సిమెంటు సర్దుకోదు. వెంట్రుకంత చీలిక పడిందా, వాన నీరు అందులో దూరి సిమెంటు వెనుక నిలిచిపోతుంది. సున్నానికి ఇంకొక గుణం ఉంది. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా రాయిగా మారుతుంది. చిన్న చిన్న పగుళ్లలో నీటితోపాటు కరిగి పారి, మళ్లీ గడ్డకట్టి వాటిని తానే పూడ్చుకుంటుంది. పాత గోడలు వందల ఏళ్లు నిలవడానికి ఇదొక కారణం.

మేస్త్రీ సోదరులకు ఇది చెప్పినప్పుడు వారు నాతో వాదించేది ఒకటే: డంగు సున్నం ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది సారూ, గానుగ తిప్పేవాడు ఎక్కడున్నాడు? మాట నిజమే. గానుగలో సున్నాన్నీ ఇసుకనూ ఇటుక పొడినీ రోజుల తరబడి నూరి, బెల్లం నీళ్లూ కరక్కాయ నానబెట్టిన నీళ్లూ పోసి పనిచేసిన తరం దాదాపుగా వెళ్లిపోయింది. కానీ సున్నం వెళ్లిపోలేదు. సున్నపురాయి గనులకూ సిమెంటు ఫ్యాక్టరీలకూ మా జిల్లా పేరుపడ్డది. రాజురా, గడ్‌చాందూర్ ప్రాంతమంతా సున్నపురాయే. రాతిసున్నాన్ని తెచ్చి, కనీసం నెల రోజులు నీటిలో నానబెట్టి, ఒకటికి రెండు మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపి, చేత్తో బాగా దంచి వాడినా సందులు నింపే పనికి సరిపోతుంది. అది ఆరేదాకా గోనెపట్టా కప్పి తడుపుతూ ఉండాలి, ఎండలో వదిలిపెడితే పొడిగా రాలిపోతుంది. రెండు పూటల్లో అయిపోయే సిమెంటు పని కాదిది, అందుకే ఇంటివారికి ఓపిక ఉండదు. ఆ ఓపిక లేకపోతే సందును అలాగే వదిలేయడం మేలు. తెరిచి ఉన్న సందు కన్నా సిమెంటుతో మూసిన సందు గోడకు ఎక్కువ కీడు చేస్తుంది.

ఇక చెట్ల సంగతి. రావి, మర్రి, మేడి గింజలను పక్షులు తెచ్చి గోడమీద వేస్తాయి. సందులో తడి దొరికితే చాలు మొలకెత్తుతాయి. వేరు మొదట దారమంత సన్నగా సున్నం వెంట దిగుతుంది, పదేళ్లకు చేయంత లావై రాళ్లను ఎడంగా తోస్తుంది. ఊళ్లో కుర్రవాళ్లు ఉత్సాహంగా ఆ మొక్కలను పట్టి లాగేస్తుంటారు. అట్లా లాగితే వేరుతోపాటు రాయి కూడా వస్తుంది, రాకపోతే తెగిన మొదలు నుంచి రెట్టింపు కొమ్మలు వస్తాయి. మొక్క చిన్నదిగా ఉన్నప్పుడే వేరుతో సహా తీయాలి. ముదిరిన దాన్ని మొదలంటా కోసి, వేరును చంపి, అది ఎండి కుళ్లిన తరువాత ఆ ఖాళీలో పలచని సున్నం పోసి నింపాలి. మంట పెట్టడం మాత్రం ఎప్పుడూ కూడదు. వేడికి ఇసుకరాయి ఎర్రబడి పెళుసుబారుతుంది. 2017లో ఎకో-ప్రో అనే ఇక్కడి స్వచ్ఛంద సంస్థ యువకులు రోజూ ఉదయం పోగై నెలల తరబడి గోడమీది చెట్లనూ తుప్పలనూ చెత్తనూ తీసివేశారు. ఆ ఏడాది ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో కూడా వారిని ప్రస్తావించారు. బగడ్ ఖిడ్కీ దగ్గర గోడ ఎక్కి బాట వెంట నడిచే వీలు నాలాంటి ముసలివాడికి కలిగింది ఆ పిల్లల పుణ్యమే. వారు తీసినంత వేగంగా మళ్లీ మొలకలు వస్తూనే ఉంటాయి, కాబట్టి ఎవరి పెరడు వెనుక ఉన్న భాగాన్ని వారు ఏటా ఒకసారి చూసుకోవలసిందే.

ఈ గోడ ఫిరంగి దెబ్బలు కూడా తిన్నది. 1818 మే నెలలో, మూడో మరాఠా యుద్ధం చివరి రోజుల్లో, కర్నల్ ఆడమ్స్ నాయకత్వాన ఈస్టిండియా కంపెనీ సేన ఊరిని ముట్టడించి, ఫిరంగులతో గోడకు గండి కొట్టి, 20వ తేదీన లోపలికి చొరబడింది. కోటను కాపాడుతూ కిల్లేదారు గంగాసింగ్ చనిపోయాడు. తరువాత 1858లో బ్రిటిషువారిపై తిరగబడ్డ గోండు జమీందారు బాబూరావు శేడ్‌మాకేను అక్టోబరు 21న ఉరితీసినది కూడా ఇక్కడే, కోటలోని జైలు ఆవరణలో. ఆ జైలు ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది, ఆయనను ఉరితీశారని చెప్పే రావిచెట్టుకు ఏటా ఆ రోజున గోండులు వచ్చి మొక్కుతారు. ఆదిలాబాదు ఏజెన్సీలో కుమురం భీముని పేరు ఎంత గౌరవంగా పలుకుతారో ఇక్కడ బాబూరావు పేరు అంత గౌరవంగా పలుకుతారు. ఫిరంగులను తట్టుకున్నంత మేర తట్టుకొని నిలిచిన గోడ, మనం అభిమానంతో పూసే సిమెంటుకు పొట్టు పొట్టుగా రాలిపోతున్నదంటే నాకు కడుపులో దేవినట్లవుతుంది.

ఈ కోట మరాఠీవారిది, గోండులది, మనకెందుకు అనే తెలుగువారు ఉన్నారు. బతకవచ్చిన ఊరు గదా అని కొందరు మొహమాటంగా కూడా అంటారు. వారి కోసం రెండు మూడు సంగతులు చెప్పాలి. చంద్రపూరులో బొగ్గుగని ఉన్న లాల్‌పేట పక్కనే ఆరుబయట పెద్ద పెద్ద రాతి విగ్రహాలు నేలమీద పడుకొని ఉన్నాయి. పదితలల దుర్గ విగ్రహం ఒక్కటే పాతిక అడుగుల పొడవు ఉంటుంది. ఊరివారు ఆ చోటును అపూర్ణ దేవాలయం అంటారు. గోండు రాజుల కాలంలో రాయప్ప అనే కోమటి వర్తకుడు మహాదేవునికి గుడి కట్టించాలని సంకల్పించి ఆ విగ్రహాలను చెక్కించాడనీ, గుడి లేవకముందే ఆయన కన్నుమూశాడనీ చెబుతారు. రాయప్ప అనే పేరులోనూ కోమటి అనే మాటలోనూ మనకు వినిపించేది ఏ భాషో నేను వేరే చెప్పనక్కరలేదు. బొగ్గు కోసం మా తాతలు తండ్రులు రాకముందు ఎన్నో తరాలకు పూర్వమే ఈ గోడ లోపల మనవాళ్లు వ్యాపారాలు చేసుకున్నారు.

ఇంకొకటి. గోదావరి ఒడ్డున ఉన్న చర్ల, ఆల్బాక, నూగూరు తాలూకాలు 1907 దాకా ఈ చాందా జిల్లాలో భాగం, ఆ తరువాతే మద్రాసు ప్రెసిడెన్సీకి పోయాయి. మరోవైపు, రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాది, నాందేడు జిల్లా మీదుగా 1959లో చంద్రపూరుకు వచ్చి చేరింది. మాణిక్‌గఢ్ నల్లరాతి కోట ఉన్నది ఆ రాజురా వైపు కొండల్లోనే. గీతలు అటూ ఇటూ జరిగాయి, మనుషులు మాత్రం ఉన్నచోటే ఉన్నారు. చైత్ర పౌర్ణమికి మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి, నాందేడు నుంచి వచ్చే భక్తులు ఝర్‌పట్‌లో స్నానం చేసి, అచలేశ్వర ద్వారం పరిసరాల్లోనే వంటలు చేసుకొని, కోటగోడ నీడలో నిద్రపోతారు. ఆ గుడి కట్టించిన రాణి హీరాయి, భర్త వీర్ షా హత్యకు గురైన తరువాత దత్తపుత్రుని పేరిట రాజ్యాన్ని నడిపిన స్త్రీ. అచలేశ్వర ఆలయం ఆవరణలోని గోండు రాజుల సమాధులలో అన్నిటికన్నా పెద్దది భర్త కోసం ఆమె కట్టించినదే. తన మనిషి కోసం కట్టడం కట్టించిన రాజులను గురించి మన పాఠ్యపుస్తకాల్లో చదివాం. భర్త కోసం కట్టించిన రాణి మన పొరుగునే ఉంటే, జాతరకు వచ్చిన మనవాళ్లు ఆ సమాధికి ఆనుకొని పొయ్యి రాళ్లు పెట్టి వెళ్తున్నారు. తెలియకనే అట్లా జరుగుతున్నది, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు.

చట్టం సంగతి కూడా రాయాలి, ఎందుకంటే గోడ పక్కన ఇల్లు ఉన్నవారి భయమంతా దాని చుట్టూనే ఉంది. ఈ గోడ భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు, ఆపైన మరో 200 మీటర్ల మేర అనుమతి తీసుకొని కట్టుకోవాలి. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడాన్ని చట్టం నిషేధించలేదు, దానికి అనుమతి అడగాలి. ఊరంతా గోడ చుట్టూ అల్లుకొని ఉన్న చోట ఈ నియమం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. మా అక్కగారి ఇంటి దూలం మార్చుకోవడానికి కాగితాల వెంట తిరిగినవాణ్ణి నేను. ఆ కష్టం వల్లనే జనం అనుమతి అడగడం మానేసి రాత్రికి రాత్రి పని చేయించేస్తారు, ఆ తొందరలో గోడకు కూడా నాలుగు తట్టల సిమెంటు పడుతుంది. ఇంటి మరమ్మతుకు అనుమతి ఇచ్చే కాగితంతోపాటు, గోడను తాకవద్దనీ, గోడలో ఏదైనా కదిలితే ఎవరికి తెలియజేయాలో, ఏ పదార్థం వాడకూడదో మరాఠీలోనూ తెలుగులోనూ ఒక చిన్న చీటీ ఇస్తే చాలు. కోట సందర్శకుల కోసం పెట్టే ఫలకాల కన్నా ఆ చీటీ ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. అచలేశ్వర ఆలయం దగ్గర, లాల్‌పేట విగ్రహాల దగ్గర తెలుగులో కూడా ఒక ఫలకం ఉంటే జాతరకు వచ్చేవారు చదువుకుంటారు.

మీ పత్రికను కోరేది ఇది. సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీలు ఒకరిద్దరు మంచిర్యాల, ఆసిఫాబాదు, చంద్రపూరు ప్రాంతాల్లో ఇంకా ఉన్నారు, వారిని మీ విలేకరులు కలిసి, సున్నం నానబెట్టడం, ఇసుక పాళ్లు, సందు గీకడం, తడపడం గురించి వారి మాటల్లోనే రాసి, మృగశిర కార్తెకు ముందు, మరమ్మతుల రోజుల్లో ప్రచురించండి. జిల్లా పేజీలో సగం సరిపోతుంది. ఆ కాగితాన్ని కత్తిరించి మేస్త్రీలు పనిసంచిలో పెట్టుకుంటారు. కరీంనగర్, వరంగల్ వైపు పాత గడీలు, బురుజులు, మెట్లబావులు బాగుచేసేవారికి కూడా అదే కొలత పనికొస్తుంది.

మా అక్కగారు లేరు, ఆ ఇల్లు చేతులు మారింది. పోయిన కార్తీకంలో అటు వెళ్లినప్పుడు కొత్త ఇంటివారిని అడిగి పెరట్లోకి వెళ్లి చూశాను. బాపు చూపిన నాలుగో రాయి ఇప్పుడు లేదు. దాని చోట సిమెంటు చట్రం ఒక్కటే, ఖాళీ గూడులా, గోడలో నిలిచి ఉన్నది. మిగిలిన మూడు రాళ్లూ, వాటి సందుల్లోని గోధుమరంగు సున్నమూ అలాగే ఉన్నాయి. ఖాళీ అయిన ఆ చోటును పూడ్చడానికి ఒక సిమెంటు సంచి గోడకు ఆనించి పెట్టి ఉంటే, ఆ ఇంటి పెద్దాయనకు ఇప్పుడు మీకు రాసినదంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, సంచిని లోపల పెట్టించి, సున్నం ఎక్కడ దొరుకుతుందో రాసిమ్మన్నారు. రాసిచ్చాను.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర.